ఉద్దానం ఇసుక నేలలో మళ్ళీ తోట: కొబ్బరా, జీడిమామిడా? గట్టు మీది పొదల సంగతేమిటి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఒక ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు, తాతగారు వేసిన మా కొబ్బరి తోటలో సగానికి పైగా చెట్లు నడుము విరిగో, వేళ్ళతో సహా లేచిపోయో పడిపోయాయి. ఖాళీల్లో మళ్ళీ కొబ్బరి మొక్కలే నాటాము గాని, వాటిలో చాలా వాటికి మొవ్వులో చిల్లులు పడుతున్నాయి. విచ్చుకున్న ఆకులు కత్తెరతో మూలగా కత్తిరించినట్లు ఉంటున్నాయి. ఇక జీడిమామిడికి మారిపోవడం మేలా? గట్టు మీద పెరిగిన ఈత, మొగలి, కలివి పొదలను కొట్టించి తీగ కంచె వేస్తే ఇంకొక వరుస మొక్కలకు చోటు వస్తుందని పనికి వచ్చినవారు చెబుతున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు

మీరు చెప్పిన ఆకు కోత కొమ్ము పురుగు పనేనండీ. అది మొవ్వులోకి తొలుచుకుని పోయి, ఇంకా ముడుచుకునే ఉన్న లేత ఆకును తినేస్తుంది. ఆ ఆకు విచ్చుకున్న తరువాతే మనకు కోత కనబడుతుంది. అది గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, కుళ్ళిన మొద్దుల్లోనూ పెంట కుప్పల్లోనూ. తుపానుకు పడిన మొద్దులను తీయించడానికి కూలి ఖర్చు భరించలేక మేము రెండేళ్ళు తోటలోనే వదిలేశాము. ఒక మొద్దును గునపంతో చీల్చి చూస్తే బొటనవేలంత లావున తెల్లటి పురుగులు ముడుచుకుని కుప్పలుగా ఉన్నాయి. మొక్కల జబ్బుకు మందు కొడుతూ, దాని పుట్టిల్లును మాత్రం మేమే కాపాడుకున్నామని ఆనాడు తెలిసింది. ముందు మొద్దులు, మోళ్ళు తీసివేయించండి. పెంటను తరచు తిరగవేయండి. మొవ్వు పక్కనున్న ఆకు మొదళ్ళలో వేపపిండి, ఇసుక కలిపి వేయండి. ఇవి చేయకుండా పంట మార్చినందువల్ల ఉపయోగం లేదు.

రెండవ జవాబు

పై వారి మాటతో ఏకీభవిస్తూనే, జీడిమామిడి గురించి కొంత చెప్పాలనుకుంటున్నాను. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖపట్నం దగ్గర, తిత్లీ అక్టోబరు 11న మన దగ్గర తీరం దాటాయి. నైరుతి వెనుదిరిగి ఈశాన్యం ఇంకా నిలదొక్కుకోని ఆ రోజుల్లో బంగాళాఖాతం నీరు వేడిగా ఉంటుంది, పై గాలుల అడ్డు తక్కువగా ఉంటుంది కనుక మన తీరానికి గండం ఎక్కువగా అప్పుడే. జీడి కాపు మార్చి నుంచి మే వరకు వస్తుంది కాబట్టి అక్టోబరు గాలికి పంట చేతిలో నుంచి పోదన్నది నిజమే. కాని చెట్టే పోతే ఆ లెక్క పనిచేయదు. మా జీడి చెట్లు గొడుగుల్లా గాలిని పట్టుకుని వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. పైగా పూత సమయంలో మబ్బు, మంచు పట్టాయంటే తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు చేరి పూత మాడిపోతుంది. ధర కూడా మన చేతిలో ఉండదు. 80 కిలోల పిక్కల బస్తాకు ఈ ఏడు వచ్చినది వచ్చే ఏడు వస్తుందన్న నమ్మకం లేదు. అయితే అంటుమొక్క మూడవ ఏటికే కాపు మొదలుపెడుతుంది, పొడుగు రకం కొబ్బరికి ఆరేడేళ్ళు ఆగాలి. అందుచేత పాత ఉద్దానం పద్ధతిలో కొబ్బరి, జీడి, పనస, మామిడి కలిపి వేయడమే నాకు సబబుగా తోస్తోంది. ఒక చెట్టు దెబ్బతిన్న ఏడు ఇంకొకటి ఇల్లు నడుపుతుంది. పనసను చిన్నచూపు చూడకండి.

మూడవ జవాబు

గట్టు జోలికి మాత్రం వెళ్ళవద్దని వేడుకుంటున్నాను. మా మామగారు సముద్రం వైపు గట్టును శుభ్రం చేయించిన మరుసటి వేసవిలోనే ఇసుక కొట్టుకువచ్చి పాదుల్లో నిండింది. రోజూ పాదులు తోడవలసి వచ్చింది. మొగలి ఊడలు దిగి ఇసుకను గట్టిగా పట్టుకుంటాయి, ఈత, కలివి గాలి వేగాన్ని నేల మట్టంలోనే తగ్గిస్తాయి. తీగ కంచె పశువును ఆపుతుంది గాని ఇసుకను ఆపలేదు.

ఆ పొదలు తిండి కూడా పెడతాయండీ. వేసవి చివర ఈత పళ్ళు, తొలకరికి నేరేళ్ళు, పెదవులకు పాలు అంటుకునే కలివి పళ్ళు మా పిల్లలు అక్కడే కోసుకుంటారు. వాటికి నీరు పెట్టినవారు లేరు, ఎరువు వేసినవారు లేరు. గట్టున చోటు ఉంటే తాటి టెంకలు పాతండి. తిత్లీకి మా తోటలో కొబ్బరి నేలకొరిగిన చోటే గట్టు మీది తాటిచెట్లు నిలబడ్డాయి. అవి ఎదిగేందుకు ఏళ్ళు పడుతుంది, నిజమే. ఈలోగా ఎక్కువగా పాతిన టెంకల నుంచి సంక్రాంతి నాటికి గేగులు (తేగలు) తవ్వుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం వెళ్ళి చూస్తే బావి పక్కన మూడు పాత మొద్దులు ఉన్నాయి, మూడింటిలోనూ పురుగులు ఉన్నాయి. గట్టు కొట్టే పని ఆపించాను. పనస మొక్కలను తోటలో ఏ దిక్కున వేస్తే కొబ్బరికి నీడ పడదో కూడా చెప్పగలరా?