రేవు దాటిన బండ్లు: ఇరకం, బకింగ్‌హాం కాలువ జ్ఞాపకాలు రాయండి

కాలువగట్టు:
నెల్లూరు జిల్లా పాత రేవుల వివరాలు పోగుచేస్తున్నాను. పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి తడ మండలం భీములవారిపాళెం నుంచి పడవలో వెళ్లాలి. 2022లో తడ తిరుపతి జిల్లాలో కలిసినా నాకది నెల్లూరు రేవే. అక్కడ బండ్లు ఎలా దాటించేవారో చూసినవారు చెప్పండి.

పేటవాసి:
మా బావ మోటారు సైకిలు అలాగే తీసుకెళ్లేవారు. గట్టు మీంచి పడవ అంచుకు రెండు బల్లలు వేస్తారు. ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే ఇద్దరు వెనక నుంచి తోస్తారు. ముందు చక్రం అంచు దాటగానే పడవ ఆ పక్కకు ఒరిగిపోతుంది. అందుకే ముందుగానే నలుగురిని అవతలి అంచున కూర్చోబెడతారు. పెట్రోలు కుళాయి కట్టేసి, స్టాండు కింద చెక్కముక్క పెట్టి, తాడుతో బిగిస్తారు. ఎండాకాలం ఇంకా కష్టం. సరస్సు సగటు లోతే మీటరు. నీళ్లు తగ్గితే పడవ గట్టుదాకా రాదు, బురదలో బండిని మోసుకెళ్లాల్సిందే.

గంజాం మనవడు:
మాది పెదగంజాం, అప్పట్లో ప్రకాశం జిల్లా. కొమ్మమూరు కాలువ వచ్చి బకింగ్‌హాం కాలువలో కలిసేది మా దగ్గరే. ఇక్కడి నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి విడతలుగా పొడిగించారు. 1876–78 కరువులో పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు తవ్విన భాగమూ ఉంది. ఆ చెమటను తలచుకోకుండా కాలువకు పెట్టిన గవర్నరు బకింగ్‌హాం పేరొక్కటే చెప్పుకోవడం నాకు నచ్చదు.
ఎడ్లబండి దాటించాలంటే రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచేవారని తాతయ్య చెప్పేవారు. ఎడ్లను విప్పి ఈదించేవారట. 1965, 1966 తుఫానులతో కాలువ బాగా దెబ్బతింది, పడవల రాకపోకలు సన్నగిల్లాయి.

పేటవాసి:
శ్రీహరికోటకూ ఒకప్పుడు పడవే దిక్కు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నాక సరస్సు మధ్యలో రోడ్డు పడింది. ఆ కట్టతో నీటి పారుదలకు అడ్డుపడిందని జాలర్ల ఆవేదన, అందులో న్యాయం ఉంది. అయినా రాకెట్టుకు దారి వేయగలిగినప్పుడు, ఇరకంలో నొప్పులు పడే ఆడపిల్లను పడవ కోసం కాచుకోబెట్టడం ఏం న్యాయం?

కాలువగట్టు:
పంచాయతీల్లో రేవు వేలంపాట పాడినవారి ఇళ్లలో పాత రసీదులు ఉండవచ్చు. బండికెంత, మనిషికెంత తీసుకున్నారో వాటిలో తెలుస్తుంది. దొరికితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.