శనివారం కలిసిన, ఆదివారం టెస్ట్ నెగెటివ్. ఇగ ఫికర్ లేదా?

పరకాల_పోరడు (సోమవారం పొద్దున)
అన్నలు, అక్కలు, తిట్టకుండ చెప్పుండ్రి. శనివారం రాత్రి ఒకామెతోని కలిసిన, కండోమ్ మధ్యల చినిగింది. ఆమె గురించి నాకేం తెల్వది. నిన్న ల్యాబ్‌ల హెచ్ఐవీ టెస్ట్ చేయించిన, నెగెటివ్ అన్నరు. అయినా మనసు నిమ్మళం లేదు.

హన్మకొండ_చౌరస్తా
ఆ నెగెటివ్ శనివారం ముచ్చటకు కాదు తమ్మీ, అంతకుముందుదానికి. ఒక్క రాత్రికి రక్తంల ఏం దొరకది. కాగితం పారెయ్యకు, తర్వాత పోల్చుకోను పనికొస్తది. ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సింది టెస్ట్ కాదు, టైం. హెచ్ఐవీ అంటకుండ పెప్ అని గోలీలుంటయి. 72 గంటల లోపల మొదలు పెట్టాలె, ఎంత తొందరగైతే అంత మంచిది, 28 రోజులు తప్పకుండ మింగాలె. నీకు మంగళవారం రాత్రి దాకనే. ఈ రోజే పో.

కరీంనగర్_బుల్లెట్
గింత గాబరా ఎందుకు భయ్? నెల ఆగి రక్తదానం క్యాంపుల రక్తమియ్యి. వాళ్లే అన్ని టెస్టులు ఫ్రీగ చేస్తరు.

ల్యాబ్‌ల_పనిజేస్త
దండం పెడ్త, ఆ పని మాత్రం చెయ్యకు. టెస్ట్‌కు దొరకని రోజులల్ల ఇచ్చిన రక్తం ఇంకొకరికి ఎక్కుతది. బ్లడ్ బ్యాంకోళ్లు ఫారంల అడిగేదే ఇది.

ఇగ గడువులు. హెచ్ఐవీకి చెయ్యి నుంచి రక్తం తీసి యాంటిజెన్ (వైరస్‌ల ముక్క), యాంటీబాడీ (దాని మీద ఒళ్లు తయారుచేసేది) రెండూ చూసే టెస్టయితే 45 రోజులకు నమ్మొచ్చు. కిట్ మీద ఒక్క చుక్క ఏసి యాంటీబాడీ చూసేదైతే 90 రోజులు. చాలామంది ఇదే చేయించుకుని నెలకే సంబురపడ్తరు. ఏ టెస్టో రిపోర్ట్ మీద ఉంటది, అడుగుండ్రి. పెప్ మింగినోళ్లకు ఈ లెక్క మారుతది, తారీకులు డాక్టర్ చెప్పాలె.

సెగ (గనేరియా), క్లమీడియా అనే ఇంకో సుఖరోగం, ఈ రెండూ రెండు వారాలకు మూత్రంల పీసీఆర్ అనే టెస్ట్ చేస్తే తెలుస్తయి. ఆగలేక రెండు మూడు రోజులకే వచ్చి ఇచ్చిపోతే డబ్బులు దండుగ. ఇంకో మాట. మామూలు మూత్రం టెస్ట్‌కు మధ్యల ధార పట్టమంటం కదా, దీనికి ఉల్టా: మొట్టమొదటి ధారనే పట్టాలె, అంతకు గంట ముందు నుంచి పోవద్దు. చానమంది ఇక్కడనే ఆగం చేస్తరు. సిఫిలిస్‌కు ఆరు వారాలకొకసారి, మూడు నెలలకొకసారి. హెపటైటిస్ బీ, సీ మూడు నెలలకు చూసుకుంటే సరిపోతది. బీకి టీకా కూడా ఉంది, ఏసుకోకుంటే ఇప్పుడే డాక్టర్‌ను అడుగు.

జగిత్యాల_గల్ఫ్
మా దిక్కు వీసా వచ్చినంకనే ఇవన్నీ యాదికొస్తయి. గల్ఫ్ మెడికల్‌ల హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ అన్నీ చూస్తరు. మా దోస్తు సిఫిలిస్‌కు మందు మంచిగనే వాడిండు, తగ్గింది కూడా. కానీ టీపీహెచ్ఏ అనే టెస్ట్ రోగం తగ్గినంక కూడా ఏండ్ల తరబడి పాజిటివ్ చూపిస్తదట. మందు పనిచేస్తే దిగే వీడీఆర్ఎల్ అనే ఇంకో సిఫిలిస్ టెస్ట్ లెక్క దిగిందని డాక్టర్ కాగితం తెచ్చేవరకు వానికి నిద్ర లేదు. చికిత్స కాగితాలు దాచుకోండ్రి. ఆర్ఎంపీ దగ్గర సూది ఏసుకుంటే ఆ కాగితం కూడా ఉండది.

మంచిర్యాల_అక్క
మగోళ్లే మాట్లాడుతున్నరు, నేనొకటి చెప్త. మా ఆయన లారీ మీద ఉంటడు. నాకు తెల్లబట్ట అయితే ఏడాది ఏవో గోలీలు మింగిన, తగ్గలే. గవర్నమెంట్ దవాఖానల సుఖరోగాలు చూసే సురక్ష క్లినిక్‌కు పోతే సిస్టర్ బూడిద రంగు మందుల కిట్ ఇచ్చింది, పైసా తీసుకోలే. నాకొకటి, ఆయనకొకటి. ఒక్కరే వాడితే మళ్ల అంటుతదని ఇద్దరిని కూసుండబెట్టి చెప్పింది, వారం దూరముండుమన్నది. ఆడోళ్లకు క్లమీడియా ఉన్నా చాలసార్లు ఏం తెల్వది. పరకాల తమ్ముడూ, పెండ్లయితే ఇంట్ల ఆమెను మరువకు. రిపోర్టులన్నీ వచ్చేదాక కండోమ్ తప్పద్దు.

పరకాల_పోరడు
పెండ్లి కాలే అక్కా. వరంగల్ బస్సెక్కిన. ఎంజీఎం పెద్ద దవాఖానల ఏమని అడగాలె? ఎవలన్న తెలిసినోళ్లు కనబడితే?

హన్మకొండ_చౌరస్తా
క్యాజువాలిటీల "శనివారం రాత్రి ఇన్ని గంటలకు, కండోమ్ చినిగింది, పెప్ కావాలె" అని సీదా చెప్పు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్ డాక్టర్‌ను కలవాలని అడుగు. సర్కారుల ఇది ముఖ్యంగ సూది గుచ్చుకున్న సిబ్బందికి, అత్యాచారం జరిగినోళ్లకు ఇస్తరు, నీకు కాదంటే కొట్లాడుకుంట గంటలు పోగొట్టుకోకు. బయట ఎండీ డాక్టర్ రాసిస్తడు, మెడికల్‌ల కొనుక్కో. హెచ్ఐవీ టెస్ట్‌కు అక్కడనే ఐసీటీసీ అనే సర్కారు కేంద్రం ఉంది, ఫ్రీ. పేరు గురించి భయపడకు, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం నీ ఒప్పుకోలు లేకుండ టెస్ట్ చెయ్యద్దు, ఫలితం బయట చెప్పద్దు. దారిల ఏమన్న అడగాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు కొట్టు, తెలుగుల మాట్లాడుతరు.

ల్యాబ్‌ల_పనిజేస్త
మూత్రపిండాల జబ్బున్నా, వేరే మందులు వాడుతున్నా గోలీలు రాసే ముందే డాక్టర్‌కు చెప్పు. నిన్నటి రిపోర్ట్ జేబుల ఉందా?

పరకాల_పోరడు
ఉంది అన్నా. ములుగు రోడ్ దాటినం.