రామప్ప గుడిలో హెచ్‌డీఆర్ ఫొటోలు: నల్లరాతి స్తంభాలు బూడిద రంగులోకి మారిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పాలంపేట వెళ్లి రామప్ప గుడి రంగమండపం లోపలి నుంచి ఫొటోలు తీశాను. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. బయట మండే ఎండ, లోపల చీకటి. స్తంభాలకు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) పెడితే బయటి పచ్చిక తెల్లగా పేలిపోతోంది. పచ్చికకు పెడితే స్తంభాల మీది చెక్కడం అసలు కనపడదు.

అందుకే హెచ్‌డీఆర్ కోసం, అంటే వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలను ఒకటిగా కలపడానికి, బ్రాకెటింగ్ పెట్టి (ఒకే దృశ్యాన్ని వరసగా వేర్వేరు ఎక్స్‌పోజర్లతో) రా ఫైళ్లలో (కెమెరా ప్రాసెస్ చేయని అసలు ఫైళ్లు) మూడేసి తీశాను: ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/250, 1/60, 1/15. ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలట, నాకు తెలియదు. స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీశాను.

ఇంటికొచ్చి ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో కలిపితే మూడు తలనొప్పులు. స్తంభాల అంచుల చుట్టూ తెల్లటి వెలుగు గీత. నడుస్తున్న భక్తులకు దెయ్యాల్లా రెండేసి నీడలు. డీఘోస్ట్ (కదిలిన వాటి జంట నీడలను తీసేసే సెట్టింగు) పెంచితే అది తగ్గింది కానీ, ఆ చోట నాయిజ్ (చుక్కచుక్కల గరుకు) వచ్చింది. అన్నిటికన్నా బాధ, నిగనిగలాడే నల్లరాయి సిమెంటులా కనిపించడం. చీకటి భాగాలను వెలిగించే షాడోస్ స్లైడర్ పూర్తిగా లాగేశాను, తప్పు అక్కడేనా?

1/15 ఫ్రేమ్ కొంచెం కదిలింది కూడా. ఐఎస్ఓ 400కు పెంచితే 1/60 వచ్చేది కదా, ఆ నాయిజ్ కలిపాక తెలుస్తుందా? లేక పచ్చికను కాపాడుతూ ఒక్క రా ఫైలే తీసి, నీడలను తర్వాత పైకి లాగడం మేలా? వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. ఇలాంటి గుళ్లలో తీసిన అనుభవం ఉన్నవాళ్లు మీ సెట్టింగులు చెప్పగలరా?