సామెతలు 25:25లో ఉన్నది దప్పికా, అలసటా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ వందనాలు. వచ్చే బుధవారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంది, వాక్యం నన్ను చదవమన్నారు. బైబిల్లోని సామెతల గ్రంథం 25:25 ఎంచుకున్నాను. దూరదేశం నుంచి వచ్చిన మంచి కబురు దాహంతో ఉన్నవాడికి చల్లని నీళ్లలాంటిదని అందులో ఉంటుంది.

ఈ వచనమే ఎందుకంటే, మా అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మొన్న ఇరవై రోజులు ఫోన్ లేదు. ఆ టెన్షన్‌లో అమ్మ సరిగా అన్నం కూడా తినలేదు. "బాగానే ఉన్నానమ్మా" అన్న మాట వినగానే కూర్చుని ఏడ్చేసింది. అప్పటి నుంచి ఈ వచనం నా మనసులో తిరుగుతోంది.

నా సందేహం ఇది. మన తెలుగు బైబిల్లో "దప్పిగొనినవానికి" అని ఉంది. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో మాత్రం అలసిన ప్రాణం అనే అర్థం వస్తోంది. మూలంలోని హీబ్రూ మాటకు ఏది దగ్గర? అలసట అయితే అమ్మ పరిస్థితికి ఇంకా బాగా సరిపోతుంది, ఎదురుచూపు మనిషిని దాహం కన్నా ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది కదా.

ఇంకొకటి. కొడుకు యోసేపు ఐగుప్తులో (ఈజిప్టులో) బతికే ఉన్నాడని విని యాకోబు ప్రాణం తెప్పరిల్లడం (ఆదికాండము 45:27) దీనికి ఉదాహరణగా చెప్పవచ్చా? కొందరు ఈ వచనాన్ని సువార్తకే, అంటే యేసు గురించిన మంచి వార్తకే, వర్తింపజేస్తారు. మొదట మామూలు కబురు గురించే చెప్పారని నాకనిపిస్తుంది. హీబ్రూ చదువుకున్నవాళ్లు, పాస్టర్లు దయచేసి వివరించండి. మంగళవారం లోపు చెబితే అమ్మకు కూడా ముందే చదివి వినిపిస్తాను.