అప్‌డేట్: కాయిన్ బ్యాటరీలు టోకుగా కొన్న తరువాత

ఇంట్లోని కారు రిమోట్‌కు, బరువు చూసుకునే మిషన్‌కు కావలసిన కాయిన్ బ్యాటరీలను టోకుగా కొంటే లాభమేనా అని గత నెల అడిగాను. విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణంలో సీఆర్2032 రకం 20 బ్యాటరీలు తీసుకున్నాను. విడిగా కొనే ధరలో దాదాపు సగానికే వచ్చాయి.

అయితే ఇంటికి వచ్చి చూస్తే రిమోట్‌కు కావలసినది సీఆర్2025 అని తేలింది. రెండూ 3 వోల్టులవే, వ్యాసం కూడా 20 మిల్లీమీటర్లే. కానీ మందం మొదటిదానికి 3.2, రెండవదానికి 2.5 మిల్లీమీటర్లు కావడంతో మూత బిగియలేదు. పేరులోని చివరి రెండు అంకెలు మందాన్నే చెబుతాయని ముందే గమనించి ఉంటే సరిపోయేది (తొందర నాదే). దుకాణదారు, విప్పని 10 బ్యాటరీల అట్టను మాత్రం మార్చి ఇచ్చారు.

మీలో కొందరు హెచ్చరించినట్లు, పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉన్నందున, మిగిలినవాటిని అట్టలోంచి తీయకుండా బీరువా పై అరలో పెట్టాను. వాడేసినవాటికి రెండువైపులా టేపు అంటించి వేరే డబ్బాలో వేస్తున్నాను.