మొదటి 1911 పిస్టల్ కొనబోతున్నాను: ఏ తూటా, ఏ గ్రిప్స్?

కొత్తచేయి, ఆస్టిన్ శివారు:
అందరికీ నమస్కారం. నాకు గ్రీన్ కార్డు వచ్చి ఏడాది దాటింది. ఆరేడు నెలలుగా స్నేహితుల పిస్టళ్లతో రేంజిలో కాలుస్తున్నాను, ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కుందామని అనుకుంటున్నాను. మొదటి నుంచీ నా మనసు పాత తరహా 1911 మీదే ఉంది. ఉక్కు ఫ్రేము, ఐదంగుళాల బ్యారెల్, వెనక కనిపించే హామర్ (తూటాను పేల్చే సుత్తి) కావాలి. బడ్జెట్ వెయ్యి డాలర్లు. తాళం పెట్టె, మొదటి నెల తూటాలు కూడా అందులోనే రావాలి. నాకు రెండు సందేహాలున్నాయి. 45 తూటా (అంగుళంలో నూటికి 45 వంతుల వ్యాసం ఉన్నది) కాల్చేది తీసుకోవాలా, అంతకంటే సన్నని 9 ఎం.ఎం. తీసుకోవాలా? రెండోది, దుకాణంలో చూసినదానికి లావుపాటి వాల్‌నట్ కర్ర గ్రిప్స్, అంటే పిడికి రెండు వైపులా బిగించే పలకలు, ఉన్నాయి. పట్టు మార్చకుండా మ్యాగజైన్‌ను (పిడిలోని తూటాల డబ్బాను) విడిపించే బొత్తాం నొక్కబోతే నా బొటనవేలు అక్కడిదాకా అందడం లేదు. గ్రిప్స్ మారిస్తే ఇది తీరుతుందా, లేక వేరే పిస్టల్ చూసుకోవాలా?

హ్యూస్టన్ పెద్దాయన:
బాబూ, మొదటి ప్రశ్నకు జవాబు దాని పేరులోనే ఉంది. 1911లో అమెరికా సైన్యం స్వీకరించినది 45 తూటా కాల్చే పిస్టల్. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో పోరాడినప్పుడు 38 రివాల్వర్లు వాళ్లను ఆపలేకపోయాయనే ఫిర్యాదుల మీద 1904లో పరీక్షలు జరిపి, 45కు తగ్గినది పనికిరాదని తేల్చారు. జాన్ బ్రౌనింగ్ తన పిస్టల్‌ను ఆ తూటా చుట్టూనే అల్లాడు. చివరి పరీక్షలో 6,000 తూటాలు కాల్చినా అది ఒక్కసారీ మొరాయించలేదు. 1985లో బెరెటా కంపెనీ పిస్టల్ వచ్చేవరకు సైన్యం దానినే ప్రధాన పిస్టల్‌గా ఉంచుకుంది. ఇంత చరిత్ర ఉన్న వస్తువును 9 ఎం.ఎం.లో కొనడమంటే ఆవకాయలో కారం తగ్గించి వేయమనడమే. 45 కానిది 1911 కాదు. గ్రిప్స్ సంగతి అంటారా, వాల్‌నట్ గ్రిప్స్ తీసివేసి ప్లాస్టిక్ తగిలించే పని మాత్రం చేయవద్దు. చేతికి అలవాటు చేసుకోవాలి గాని వస్తువును చెక్కకూడదు.

సన్నచేతులు, డాలస్:
పెద్దాయన గారూ, చరిత్ర చెప్పినప్పుడు సగం దగ్గర ఆపకూడదు. కోల్ట్ కంపెనీయే 1929లో ఇదే ఫ్రేము మీద 38 సూపర్ తూటాకు పిస్టల్ చేసింది. సైన్యం 9 ఎం.ఎం.లో తేలికపాటి పిస్టల్ అడిగినప్పుడు అదే కంపెనీ అల్యూమినియం ఫ్రేముతో కమాండర్ అనే పిస్టల్‌ను తయారుచేసింది. పేరు పెట్టిన కంపెనీకి లేని పట్టింపు మనకెందుకు?

కొత్తచేయి గారూ, మీకు పనికొచ్చే మాట చెబుతాను. 45 తూటాలోని గుండు బరువు సాధారణంగా 230 గ్రెయిన్లు (గుండు తూచే చిన్న కొలత), 9 ఎం.ఎం.ది 115 గాని 124 గాని ఉంటుంది. పిస్టల్ ఖాళీగానే కిలో పైచిలుకు బరువు కాబట్టి 9 ఎం.ఎం. అందులో వెనక్కి తన్నినట్టే అనిపించదు. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు భాగం) స్ప్రింగు మెత్తగా ఉంటుంది, తూటా ధర తక్కువ. అంటే అదే డబ్బుకు మీరు ఎక్కువసార్లు కాలుస్తారు. చేయి కుదిరేది అలాగే గాని పాత యుద్ధాల కథలు విని కాదు.

ఇక పిడి. బొత్తాం అందకపోవడం మీ లోపం కాదు. పిడి చుట్టుకొలతను చాలావరకు ఆ రెండు పలకల మందమే నిర్ణయిస్తుంది. పలుచని గ్రిప్స్ వేస్తే అరచేయి లోపలికి జరుగుతుంది, బొటనవేలూ చూపుడువేలూ రెండూ కాస్త ముందుకు వస్తాయి. అప్పటికీ ట్రిగ్గర్ దూరమనిపిస్తే పొట్టి ట్రిగ్గర్ వేయించుకోవచ్చు. ఇది కొత్తగా పుట్టిన గారాబం కాదు. 1920లలో 1911ను ఏ1గా మార్చినప్పుడు సైన్యమే ట్రిగ్గర్‌ను పొట్టి చేసి, వేలు తేలికగా అందేటట్టు దాని వెనక ఫ్రేమును రెండు వైపులా చెక్కింది. వస్తువును చెక్కకూడదన్న నియమం అప్పటి సిపాయిలకు లేదు మరి.

గోదారోడు:
కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కానివ్వండి.

వీసా కష్టాలు:
హెచ్-1బి మీద ఉన్నవారు ఇది చదివి దుకాణానికి పరుగెత్తవద్దని మనవి. తాత్కాలిక వీసాదారులు తుపాకీ దగ్గర ఉంచుకోవడం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దుకాణంలో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఆ ప్రశ్న నేరుగా అడుగుతారు.

మరమేకు:
గ్రిప్స్ గురించి ఒక అనుభవం. నేను జి-10 పలకలు, అంటే గాజునార పొరలను ఎపాక్సీతో అతికించిన రకం, పలుచనివి కొని పాత స్క్రూలతోనే బిగించాను. మర్నాడు రేంజిలో మ్యాగజైన్ సగం దిగి ఆగిపోయింది. బయటికి లాగి చూస్తే దాని పక్కన వెంట్రుకవాసి గీత పడి ఉంది. పలక పలుచనైనప్పుడు పాత స్క్రూ కొన లోపలికి పొడుచుకువచ్చి మ్యాగజైన్‌ను ఒరుసుకుంటోందని అప్పుడు అర్థమైంది. తప్పు పూర్తిగా నాదే. పొట్టి స్క్రూలు అవసరమని పెట్టె మీదే రాసి ఉంది.

హ్యూస్టన్ పెద్దాయన:
అమ్మాయీ, 38 సూపర్ వచ్చింది 1929లో, నేను మాట్లాడుతున్నది 1911 గురించి. పద్దెనిమిదేళ్ల తరువాత పుట్టినదానిని చూపించి తల్లికి పేరు మార్చలేము. ఒకే ఫ్రేము మీద వచ్చాయంటే బంధువులు, అంతే. దీనికి జవాబు చెప్పి తరువాత ట్రిగ్గర్ల దగ్గరికి వెళ్లండి.

సన్నచేతులు, డాలస్:
ముందుగా ఒక మనవి. అమ్మాయీ అని పిలవడం మానండి. నాకు నలభై రెండేళ్లు, పదేళ్లుగా పోటీలలో కాలుస్తున్నాను. మొదటిసారి దుకాణానికి వెళ్లి 1911 చూపించమంటే, కౌంటరు వెనక ఉన్నాయన దానిని నా చేతికి ఇవ్వకుండా గులాబీ రంగు గ్రిప్స్ ఉన్న ఒక బుల్లి పిస్టల్ తీసి ముందు పెట్టాడు. అంత చిన్న పిస్టల్ ఎంత గట్టిగా తన్నుతుందో ఆయనకు తెలియదా? మీ ‘అలవాటు చేసుకోవాలి’ అన్న మాటలోనూ నాకు అదే వినబడుతోంది. చేయి పెద్దదైనవాడు తన చేతినే కొలబద్ద అనుకుంటాడు.

పేరు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, బంధువులే. దానివల్ల కొత్తచేయి గారి బొటనవేలు ఎంత పొడుగైంది?

గోదారోడు:
ఆవకాయలో కారం తగ్గిస్తే తప్పేముంది? మా ఇంట్లో పిల్లలకు అలాగే పెడతాం.

హ్యూస్టన్ పెద్దాయన:
హేళన చేయడం తేలిక. నా మాట ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాను. మూడేళ్ల క్రితం సంక్రాంతి నాడు తెలిసినవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లి వచ్చేసరికి మా వెనక తలుపు బద్దలై ఉంది. మా ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన కాసులపేరు, మా అమ్మ గాజులు, అన్నీ పోయాయి. మన ఇళ్లలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు తెలుసు. ఆ వారమే 45 కొన్నాను. తూటా ఎక్కించి, హామర్ లేపి, సేఫ్టీ మీట వేసి మంచం పక్క సొరుగులో ఉంచుతున్నాను. 1911ను ఉంచుకోవలసిన తీరు అదే. ఇది మీ పోటీలలో కాగితానికి చిల్లులు పెట్టే వస్తువు కాదు. కాబట్టి ఎవరికైనా మొదటి పిస్టల్ అనగానే నేను 45 అనే చెబుతాను.

సన్నచేతులు, డాలస్:
బంగారం పోయినందుకు నిజంగా బాధగా ఉంది, మా పిన్ని వాళ్లకూ అలాగే జరిగింది. కానీ మీరు ఇంట్లో లేని వేళ జరిగిన దొంగతనాన్ని సొరుగులోని పిస్టల్ ఎలా ఆపేది? ఆ రోజు అది ఉండి ఉంటే గాజులతోపాటు అదీ పోయేది, తూటాలతో సహా. ఒక్కటి అడుగుతాను, తప్పుగా తీసుకోకండి. దానితో చివరిసారి ఎప్పుడు కాల్చారు?

హ్యూస్టన్ పెద్దాయన:
నా ఇంట్లో నేనేం చేస్తానో ఇక్కడ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

కొత్తచేయి, ఆస్టిన్ శివారు:
పెద్దలు క్షమించాలి, అడగడంలో నేనే ఒకటి వదిలేశాను. నేను ఇంటి కాపలాకు కొనడం లేదు. మాకు ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్నారు. నా భార్య ఒప్పుకున్నదే ఒక షరతు మీద: పిస్టల్ తాళం పెట్టెలో ఒక గదిలో, తూటాలు తాళం వేసి ఇంకో గదిలో ఉండాలి, రెండూ రేంజిలోనే కలవాలి. నాకు ఆ యంత్రం ఇష్టం. స్లైడ్ వెనక్కి వెళ్లినప్పుడు బ్యారెల్ కిందికి వంగి విడివడడం, నాలుగు స్క్రూలతో పిడి రూపమంతా మారిపోవడం చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది.

హ్యూస్టన్ పెద్దాయన:
రెండు గదుల్లో రెండు తాళాలు వేసేవాడికి పిస్టల్ ఎందుకు? గడియారం కొనుక్కోవచ్చు కదా, అందులోనూ ముచ్చటైన యంత్రమే ఉంటుంది. ఆపదలో అక్కరకు రాని ఆయుధాన్ని ఇంట్లోకి తేవడమే నా దృష్టిలో తప్పు.

సన్నచేతులు, డాలస్:
ఇప్పటికి అసలు మాట బయటపడింది. ఇంతసేపూ మీరూ నేనూ తూటా గురించి వాదించుకోలేదు. పిస్టల్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటారు మీరు, కాల్చే గంట తప్ప మిగతా వేళంతా అది ఇంట్లో లేనట్టే ఉండాలంటాను నేను. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తూటా ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పెట్టవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాలుగేళ్ల పిల్లకు సొరుగు లాగడం ఎవరూ నేర్పనక్కరలేదు. మీ ఇంట్లో పిల్లలు లేరేమో, అది మీ నిర్ణయం. కానీ మీ సొరుగు నియమాన్ని ఆయన ఇంటికి పంపకండి.

హైదరాబాదీ:
ఇక్కడ సామాన్యుడికి 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, అంటే లైసెన్సు దొరకని కొలత, 45 పిస్టలూ అంతే. మీ గొడవ చూస్తుంటే విందుభోజనంలో వంకలు వెతుకుతున్నట్టు ఉంది.

కొత్తచేయి, ఆస్టిన్ శివారు:
శనివారం రేంజిలో రెండూ అద్దెకు తీసుకుని చెరో యాభై తూటాలు కాల్చాను. 45తో మొదటి ఇరవై బాగానే పడ్డాయి, తరువాత పేలకముందే మణికట్టు బిగుసుకుపోయి గుళ్లన్నీ ఎడమవైపు కిందికి జారాయి. 9 ఎం.ఎం.కు పలుచని జి-10 గ్రిప్స్ ఉన్నాయి, బొటనవేలు బొత్తాం మీద హాయిగా పడింది. అయితే వాటి గరుకుతనానికి అరచేతిలో చర్మం ఎర్రగా కందింది, చెమట పట్టినా జారకపోవడం మాత్రం నిజం. 9 ఎం.ఎం. అనే తేల్చుకున్నాను. పలుచగా కోసిన వాల్‌నట్ దొరుకుతుందా అని వెతుకుతున్నాను. కర్రను వదలబుద్ధి కావడం లేదు, ఆ విషయంలో పెద్దాయన గారి పక్షమే.

హ్యూస్టన్ పెద్దాయన:
మా మనవరాలు సెలవులకు వస్తే పది రోజులు ఉంటుంది. ఆ పది రోజులూ సొరుగుకు తాళం వేస్తాను, అది ఇక్కడ చెప్పలేదు. అడిగారు కాబట్టి ఇదీ చెబుతున్నాను: కాల్చి రెండేళ్లయింది. మణికట్టు నొప్పి వల్ల స్లైడ్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఇంత చెప్పినా 9 ఎం.ఎం.ను 1911 అని మాత్రం అనను. మరమేకు గారూ, పలుచని గ్రిప్స్‌కు స్క్రూలు మారిస్తే సరిపోతుందా, వాటి కింద ఫ్రేములో ఉండే బుషింగులు (స్క్రూ ఎక్కే చిన్న మరల గొట్టాలు) కూడా మార్చాలా?

మరమేకు:
ముందు స్లైడ్ సంగతి. పిస్టల్‌ను నిర్భయమైన దిక్కుకు పెట్టి, మ్యాగజైన్ తీసి, సేఫ్టీ మీట దించి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూసుకుని, హామర్ దిగి ఉంటే దానిని బొటనవేలితో వెనక్కి లేపాక స్లైడ్ లాగి చూడండి. హామర్ స్ప్రింగు భారం తప్పుతుంది కాబట్టి మణికట్టుకు తేడా తెలుస్తుంది.

గ్రిప్స్‌కు వస్తే, పలుచని రకాలలో ఎక్కువ వాటికి పొట్టి బుషింగులు కావాలి, లేకపోతే పలక కింది దాకా బిగియక కదులుతుంది. పాత బుషింగులతోనే కూర్చునేలా చేసినవీ అమ్ముతారు, మీకు అవే మేలు. ఎందుకంటే బుషింగులను కొన్ని పిస్టళ్లలో లోపలి వైపు నుంచి నొక్కి బిగిస్తారు. సరిపోని స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా తిప్పితే ఫ్రేములోని సన్నని మరలు కూడా ఊడి వాటితోపాటే వచ్చేస్తాయి. స్క్రూ విప్పినప్పుడు దానితోపాటు బుషింగు కూడా తిరుగుతుంటే అక్కడే ఆపి, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకువెళ్లండి.