రెండు ఎరువుల్లో ఏదో ఒకటే కొనమంటోంది ఎకనామిక్స్ పాఠం, మా నాన్న రెండూ తెచ్చాడు. తప్పెవరిది?

దాళ్వా అమ్మాయి:
మాది పాలకొల్లు దగ్గర. డిగ్రీ రెండో ఏడు, ఎకనామిక్స్. రెండు వస్తువులు సంపూర్ణ ప్రత్యామ్నాయాలైతే, అంటే ఒకదాని బదులు ఇంకోటి అచ్చంగా సరిపోతే, ఉదాసీనతా రేఖ (సమాన తృప్తినిచ్చే జోడీలన్నీ కలిపే గీత) సరళరేఖ, బడ్జెట్ రేఖా (ఉన్న డబ్బుకొచ్చే జోడీల గీత) సరళరేఖే, కాబట్టి కొనేవాడు గీతకి ఏదో ఒక చివరికే పోతాడని, అంటే ఒక్క వస్తువే కొంటాడని మా మేడం చెప్పారు. ఇంట్లో ఎరువులతో, వాటిలోని నత్రజని చూసి లెక్క కట్టా. 45 కిలోల యూరియా కట్టలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. 50 కిలోల అమ్మోనియం సల్ఫేట్‌లో 20.5 శాతం, అంటే 10.25. సల్ఫేట్ రెండు కట్టలు వేస్తే గానీ యూరియా ఒక కట్టకి సాటి కాదు. యూరియా కట్ట రూ.266.50. నాన్న జేబులో 4,000 ఉంటే 15 కట్టలొచ్చి రెండున్నర రూపాయలు మిగలాలి. సల్ఫేట్ కట్ట రూ.132కి లోపు దొరికితే తప్ప అటు చూడకూడదు, ఆ ధరకి ఎక్కడ దొరుకుతుంది? తీరా చూస్తే అరుగు మీద మూడు యూరియా, రెండు సల్ఫేట్! అడిగితే కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

కాలవగట్టు:
నాన్నగారికి యూరియా ఎన్ని ఇచ్చారో అడిగావా అమ్మా? సార్వాలో (ఖరీఫ్ పంటకి) నేను పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని పొద్దున్నే యూరియా లైన్లో నిలబడ్డానండి. మిషన్ మీద వేలిముద్ర పడలేదు, చేతికి మట్టి. చొక్కాకి తుడుచుకుని మూడోసారి వేస్తే పడింది. ఇచ్చింది రెండు కట్టలు. ఇంకో కొట్లో అయితే లింకు పెట్టాడు, ఏదో సీసా కొంటేనే యూరియా అన్నాడు. ఆ సీసా ఇంకా పశువుల పాకలోనే ఉంది. అన్నట్టు 2018 దాకా కట్ట 50 కిలోలండి. మా పెద్దాయన ఇప్పటికీ ఆ లెక్కనే చల్లుతున్నాడు.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మాయ్, లెక్క ఒప్పే, గీత తప్పు. అరుగు మీద మూడే ఉన్నాయంటే మనిషికి మూడు యూరియా కట్టలే ఇచ్చారనుకో. అప్పుడు బడ్జెట్ రేఖ మూడో కట్ట దాకా వచ్చి అక్కడ నిట్టనిలువుగా తెగిపోతుంది. నీ ఉదాసీనతా రేఖ ఆ తెగిన మూలకే తగులుతుంది. అంచేత మీ నాన్న చౌకైన యూరియా ఇచ్చినంతా తీసుకుని, మిగిలిన డబ్బు ఖరీదైన సల్ఫేట్ మీద పెట్టాడు. అక్కడ రెండూ కొనడమే సరైన జవాబు.
లింకు సంగతీ వేసి చూడు. మూడు కట్టలకి 225 రూపాయల సీసా ఒకటి అంటగట్టారనుకో, అది నీకు పనికిరాదనుకో. కట్టకి 75 పెరిగి 341.50 పడ్డట్టు. సల్ఫేట్ కొనొచ్చన్న నీ 132 ధర కాస్తా 169 అవుతుంది.

కాలవగట్టు:
మాస్టారూ, ఒక్క మాట. అవి రెండూ ఒకటెలా అవుతాయండి? సల్ఫేట్‌లో 23 శాతం గంధకం ఉంది. గంధకం చాలని మెరక చేలో అది అదనపు లాభం. మురుగు దిగని పల్లంలో అదే గంధకం వేర్లు నల్లబరుస్తుంది. నాకు రెండు రకాల చేలూ ఉన్నాయి. పల్లంలో సల్ఫేట్ ఉత్తినే ఇచ్చినా వెయ్యను.

దాళ్వా అమ్మాయి:
నాన్నని మళ్ళీ అడిగా. "మూడే ఇచ్చారే, నాలుగోది అడిగితే వెనక లైనంతా అరిచారు" అన్నాడు. సల్ఫేట్ మెరక చేలోకేనట. మాస్టారూ, తెగిన గీత రికార్డులో వేశాను. మేడం రేపు చూస్తారు.